చీటీలో లేని పేరు



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతున్నదో ఆమె పేరు నా వెనక బ్యానరు మీద రాసి ఉంది. నేను మాత్రం పదిహేడేళ్లూ ఆమెను అక్కా అనే పిలిచాను. ఇవాళ కూడా అలాగే అంటాను.

నెల్లూరు మైపాడు రోడ్డులోని నా చిన్న ఆస్పత్రికి అక్క మొదటిసారి వచ్చింది 2006లో. వచ్చింది తన కోసం కాదు. అత్తమ్మను ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని తెచ్చింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దయిపోయింది. ప్రాణం నిలిచింది కానీ, రెండేళ్లు తిరిగేసరికి పెద్దామెకు మతి తప్పడం మొదలైంది. మెదడులో రక్తం అందని చోట్లు పెరిగేకొద్దీ వచ్చే డిమెన్షియా అది. అప్పటి నుంచి 2015 నవంబరు వరదలప్పుడు పెద్దామె పోయేదాకా నెలకోసారి, ఒక్కో నెల రెండుసార్లు, అక్క ఆమెను తెస్తూనే ఉంది.

ఈ ఉపన్యాసానికి ఒప్పుకున్నాక ఆ పాత చీటీల కట్ట దించి చూశాను. నూరుకు పైగా ఉన్నాయి. ప్రతి చీటీ మీదా అత్తమ్మ పేరు, వయసు, బీపీ, షుగరు. ఆమెను ఎత్తి కూర్చోబెట్టిన మనిషి బీపీ ఒక్క చీటీలోనూ లేదు. నేను చూడలేదు. చూడాలని నాకు తట్టలేదు. ఒకసారి మాత్రం "నువ్వెట్టుండావక్కా" అని అడిగినట్టు గుర్తు. "నాకేంది సార్, చీటీ అత్తమ్మది గదా" అంది. దాన్ని నేను ఆమె మంచితనం అనుకున్నాను. వైద్యుడిగా నేను చేసిన పెద్ద తప్పు ఆ అనుకోవడమే. నాకిచ్చిన ఈ గంటలో చెప్పదలచుకున్నదీ ఆ తప్పు గురించే.

ముందు లెక్క చెబుతాను. మన దేశంలో 60 ఏళ్లు దాటిన వాళ్లలో డిమెన్షియా ఎందరికుందో తేల్చడానికి లాసీ-డాడ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. దాని అంచనాలు 2023లో అచ్చయ్యాయి. నూటికి 7.4 మంది, అంటే సుమారు 88 లక్షల మంది. ఈ అంకెను విడదీస్తే మగవాళ్లలో 5.8 శాతం, ఆడవాళ్లలో 9 శాతం. పట్నాల్లో 5.3, పల్లెల్లో 8.4. పల్లెలో బతికే ఆడమనిషి ఈ రెండు లెక్కల్లోనూ బరువు ఎక్కువున్న వైపే నిలబడి ఉంది.

ఆడవాళ్లు ఎక్కువకాలం బతుకుతారు, అందుకని జబ్బూ ఎక్కువ అనేవాళ్లున్నారు. అందులో కొంత నిజముంది. నేను మాత్రం ఇంకొంచెం వెనక్కి, 1961కి వెళ్తాను. ఆ ఏడు జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో చదవడం రాయడం వచ్చిన మగవాళ్లు నూటికి 30 మంది, ఆడవాళ్లు 12 మంది. అప్పటికి అక్కకు ఎనిమిదేళ్లు. ఆ పన్నెండు మందిలో ఆమె లేదు. తమ్ముడు బడికి పోయాడు, అక్క తమ్ముణ్ణి ఎత్తుకుంది. ఆనాడు బడికి పోని ఆడపిల్లలే ఇవాళ డెబ్భై దాటిన అవ్వలు. చిన్నప్పటి చదువు మెదడుకు పొదుపు లాంటిది. ముసలితనంలో కణాలు దెబ్బతింటున్నా ఆ పొదుపు ఉన్న మెదడు కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు దారితీసే కారణాల్లో మార్చగలిగినవి పద్నాలుగని లెక్కగట్టి, వాటన్నిటినీ సరిదిద్దగలిగితే సుమారు 45 శాతం కేసులను ఆపవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చు అంది. ఆ పట్టికలో చిన్నతనంలో చదువు లేకపోవడం ఉంది. బీపీ, షుగరు, చెవుడు, చూపు మందగించడం, దిగులు, ఒంటరితనం ఉన్నాయి. తాగుడు ఉంది. తలకు తగిలే దెబ్బలూ ఉన్నాయి.

ఈ జిల్లాలో ఆ పట్టిక చదివితే నాకు రెండు సంగతులు గుర్తొస్తాయి. ఒకటి పొణకా కనకమ్మ గారు. చిన్నతనంలోనే పెళ్లయి, బడి మొహం చూడకుండా, ఇంట్లోనే పట్టుబట్టి చదువుకున్న మనిషి 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. మెదడు ఆరోగ్యం అనే మాట అప్పుడు ఎవరి నోటా లేదు. అయినా ఆ బడి మెట్లెక్కిన ప్రతి పిల్లకూ డెబ్భయ్యో ఏట అక్కరకొచ్చే పొదుపు ఒకటి ఆమె కట్టిపెట్టారు.

రెండోది దూబగుంట. ఆ ఊళ్లో అక్షరదీపం రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు సారా వేలంపాటలు ఆపించారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, ఆ అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించాల్సి వచ్చింది. ఇంటి గౌరవం కోసం, కూలి డబ్బుల కోసం జరిగిన పోరాటంగా దాన్ని చెప్పుకుంటాం. నిజమే. కానీ ఒక వైద్యుడిగా నేను ఇంకోటి చేరుస్తాను. మొగుడి మెదడును సారా తింటుంటే, తాగొచ్చిన మొగుడు గోడకేసి కొట్టిన దెబ్బలు పెళ్లాం మెదడును తిన్నాయి. "జారిపడ్డాను సార్" అని చెప్పి కుట్లు వేయించుకుని పోయిన ఆడవాళ్లను నా వృత్తిలో ఎందర్ని చూశానో లెక్క చెప్పలేను. ఒక్కో దెబ్బకు ఒక్కో చీటీ రాశాం. పదేళ్ల దెబ్బలన్నీ కలిపి చూసే చీటీ లేదు.

ఇక జబ్బు బయటపడే తీరు. పెద్దాయన పాలు పోసిన డబ్బులు రెండుసార్లు ఇచ్చాడనుకోండి, కయ్య గట్టు దగ్గర నిలబడి ఇంటి దారి మరిచాడనుకోండి, వారం తిరక్కుండా కొడుకులు నెల్లూరు తీసుకొస్తారు. ఆడమనిషి మరుపు అట్లా బయటపడదు. అది మొదట వంటింట్లో పడుతుంది. చేపల పులుసులో ఉప్పు రెండుసార్లు పడుతుంది, మామిడికాయ ముక్కలు పడనే పడవు. నలభై ఏళ్లు కళ్లు మూసుకుని చేసిన పులుసది. ఇంట్లో వాళ్లు జబ్బు అనుకోరు, కసురుకుంటారు. చెప్పిందే చెబితే చాదస్తం అంటారు. కోడలు అన్నం పెట్టలేదని పక్కింట్లో చెబితే అత్త బుద్ధి అంటారు. మన మాటల్లో అత్తకు, ముసలామెకు ఇన్ని పేర్లు ముందే సిద్ధంగా ఉండబట్టి, జబ్బుకు దాని పేరు పెట్టడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ మూడు నాలుగేళ్లే బీపీని, షుగరును అదుపులో పెట్టుకోగలిగిన కాలం, వినపడని చెవికి మిషను పెట్టించగలిగిన కాలం.

ప్రపంచంలో అల్జీమర్స్ జబ్బుకు మొట్టమొదటి రోగిగా నమోదైంది కూడా ఒక గృహిణే. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో ఆమెను భర్త చేర్పించాడు. పేరు ఆగస్టె డీటర్, వయసు 51. భర్త రైల్వేలో గుమాస్తా. భర్త మీద అనుమానం, వంట చెడిపోవడం, వస్తువులు ఎక్కడో దాచిపెట్టడం, ఇవీ ఆమె లక్షణాలు. డాక్టర్ అల్జీమర్ ఆమె ముందు కూర్చుని ఓపిగ్గా ప్రశ్నలడిగి, జవాబులన్నీ రాసుకున్నాడు. ఆ రాత మిగిలింది కనకే ఇవాళ ఆమె పేరు మనకు తెలుసు. మా ఊళ్లలో అవే లక్షణాలున్న ముసలామె ముందు అట్లా కూర్చున్నవాళ్లు ఎవరు?

కూర్చున్నా, అడిగే ప్రశ్నలు ఆమెవి కావు. మతిమరుపు పరీక్ష అంటే చాలాకాలం మాకు చేతికొచ్చిన కాగితం చదువుకున్న వాళ్ల కోసం తయారైనదే. ఒక వాక్యం రాయమంటుంది, బొమ్మ గీయమంటుంది, నూరులోంచి ఏడు తీసేస్తూ పొమ్మంటుంది. హర్యానాలోని బల్లబ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన పరిశోధకులు 1990లలో చదువురాని వాళ్లకు తగినట్టు ఆ పరీక్షను హిందీలోకి మార్చారు. తర్వాత తెలుగుతో సహా మరికొన్ని భాషల్లోనూ పరీక్షలు తయారయ్యాయి. మంచి పని. కానీ అక్క సంగతి వినండి. పెళ్లయిన కొత్తల్లో గంపలో చేపలమ్మి, తర్వాత రొయ్యల షెడ్డులో పనిచేసిన మనిషి ఆమె. గుప్పెడు రొయ్యలు చేతిలో పట్టుకుంటే కిలోకు ఎన్ని తూగుతాయో, ముప్పై కౌంటో నలభై కౌంటో, చెప్పేది. తూకం వేస్తే ఆ మాటే నిజమయ్యేది. అత్తమ్మ మంచాన పడినప్పుడు ఆ పని మానేసింది. అత్తమ్మ పోయాక, 2016లో, మళ్లీ షెడ్డుకు పోయింది. కౌంటు తప్పింది. ఒకసారి కాదు, రోజూ తప్పింది. వయసైపోయిందమ్మా, ఇంటికాడ ఉండు అని పంపేశారు. నూరులోంచి ఏడు తీసెయ్యడం కన్నా నిక్కచ్చైన పరీక్షలో ఆమె అప్పటికే తప్పింది. షెడ్డులో తెలిసింది, ఇంట్లో తెలిసింది. ఆస్పత్రికి మాత్రం తెలియడానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

ఇక్కడ ఒక మంచి మాట చెప్పాలి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి, 2013లో ఒక పత్రం అచ్చువేశారు. ఒక్క భాషే తెలిసిన వాళ్లకన్నా రెండు భాషల మనుషులకు జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయి. బడికి పోని వాళ్లలోనూ ఆ తేడా ఉంది. మా తీరానికి ఇది పెద్ద కబురు. తడ, సూళ్లూరుపేట వైపు అరవం, తెలుగు కలగలిపి బేరమాడే ఆడవాళ్లు, నెల్లూరు వీధుల్లో ఉర్దూ, తెలుగు రెండూ ఆడే ఆడవాళ్లు, వీళ్లందరూ బడి ఇవ్వని పొదుపును బజారులో సంపాదించుకుంటున్నారు. అందుకే బజారుకు పోయే మనిషిని మంచం పక్కన కట్టేస్తే పోయేది కూలి ఒక్కటే కాదు. రోజుకు యాభై మందితో మాట్లాడే మనిషి ఒక్కరితో, అదీ బదులు చెప్పలేని ఒక్కరితో, మిగిలిపోతుంది.

కట్టేస్తే అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను. 2019లో కేంద్ర గణాంక శాఖ మన రోజు ఎట్లా గడుస్తుందో ఇల్లిల్లూ తిరిగి అడిగింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారని అప్పుడు తేలింది. ఆ పని చేసే కొద్దిమంది మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. ఇంట్లో పిల్లల్నీ రోగుల్నీ ముసలివాళ్లనూ చూసుకోవడం ఇంకో లెక్క. ఆడవాళ్లు 134 నిమిషాలు, మగవాళ్లు 76. డిమెన్షియా ఉన్నవాళ్లకు ప్రపంచవ్యాప్తంగా అందే సేవలో 70 శాతం గంటలు ఆడవాళ్లవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంకెల్లో పట్టనిది రాత్రి. మతి తప్పిన మనిషి రాత్రి పూట లేస్తుంది. తలుపు గడియ తీస్తుంది, పక్క తడుపుతుంది, చచ్చిపోయిన వాళ్లను పేరు పెట్టి పిలుస్తుంది. తొమ్మిదేళ్లలో అక్క వరసగా నాలుగు గంటలు నిద్రపోయిన రాత్రులు ఎన్నని ఆమె కూతుర్ని అడిగాను. ఆ అమ్మాయి జవాబు చెప్పలేదు, ఏడ్చింది.

మగవాళ్లకు ప్రేమ లేదని నేననను. చెన్నైలో, బెంగుళూరులో, డల్లాస్‌లో ఉండి నెలనెలా డబ్బు పంపే కొడుకుల్ని చూశాను. రాత్రి రెండింటికి ఫోను చేసి తల్లి ముఖం చూపించమనే వాళ్లను చూశాను. ఆ డబ్బు లేకపోతే మందులు లేవు. అయినా డబ్బు పంపిన కొడుకును ఊరు మెచ్చుకుంటుంది, తల్లిని కడిగిన కోడలికి మాత్రం పుణ్యం వస్తుందని చెబుతుంది. మొగుడు ఒకపూట అన్నం తినిపిస్తే సాయం చేశాడంటాం. ఆమె మూడుపూటలా తినిపిస్తే దానికి పేరే లేదు.

ఈ భారం మనిషి మెదడునే తాకుతుందనడానికి నిదర్శనాలున్నాయి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో 1,221 జంటలను ఏళ్ల తరబడి గమనించి 2010లో ఫలితాలు ప్రకటించారు. డిమెన్షియా ఉన్న వాళ్ల భార్య లేదా భర్తకు, అటువంటి జోడు లేని వాళ్లతో పోలిస్తే, ఆ జబ్బు వచ్చే ముప్పు సుమారు ఆరు రెట్లు. చిత్రమేమంటే ఆ ముప్పు భార్యల్లోకన్నా భర్తల్లోనే ఎక్కువ కనిపించింది. విడవలూరు మండలంలో ఒక జాలరి పెద్దాయన మంచాన పడ్డ భార్యకు తల దువ్వి, జడ వేసి, నుదుట బొట్టు పెట్టడం చూశాను. జడ వంకరగా ఉంది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ పక్కన లేరు. ఒక్క మనిషి మీద పెడితే ఆ మనిషి ఆడైనా మగైనా విరుగుతుంది. మన ఇళ్లలో ఆ ఒక్క మనిషి ఎవరో పుట్టకముందే నిర్ణయమైపోవడమే నా బాధ.

చెయ్యగలిగింది లేదా అంటే ఉంది. గోవాలో డాక్టర్ అమిత్ డయాస్ బృందం 81 కుటుంబాలతో ఒక ప్రయోగం చేసి 2008లో ప్రకటించింది. పెద్ద డాక్టర్లు కాదు, ఊళ్లో శిక్షణ పొందిన మామూలు మనుషులు ఇంటికి వెళ్లారు. జబ్బు గురించి చెప్పారు, రాత్రుళ్లు ఎట్లా నెట్టుకురావాలో చూపించారు, చూసుకునే మనిషి గోడు విన్నారు. ఆరు నెలల్లో ఆ మనిషి మనోవేదన తగ్గింది. మనకు ప్రతి ఊళ్లో ఆశా కార్యకర్త ఉంది. గర్భిణి ఇంటికి పోయినట్టే ఆమె మతి తప్పిన మనిషి ఇంటికీ పోవచ్చు. అయితే ఆమె మీద ఇంకో పని పడేసి జీతం పెంచకపోతే అదీ ఇదే అన్యాయం అవుతుంది.

పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్లకు మన రాష్ట్రం 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. చాలా ఇళ్లను అది నిలబెట్టింది. నేను కళ్లారా చూశాను. ఆ పింఛను రోగి పేరున వస్తుంది. చూసుకునే మనిషి పేరున ఏమీ రాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మాత్రం సంరక్షకులు అనే మాటకు నిర్వచనం ఇచ్చి, ఎక్కువ ఆసరా కావలసిన వాళ్ల విషయంలో సంరక్షణ భత్యం మాట ఎత్తింది. కేరళలో ఆశ్వాసకిరణం అనే పథకం కింద చూసుకునే వాళ్లకు నెలకు 600 రూపాయలు పెట్టారు. ఆరు వందలు ఏ మూలకూ చాలవు. కానీ ఒక ప్రభుత్వ కాగితం మీద ఆ మనిషి పేరు పడింది. నాకు అది చిన్న సంగతిగా కనిపించదు.

మళ్లీ అక్క దగ్గరికి వస్తాను. ఆమె ఏటా రొట్టెల పండక్కు నెల్లూరు స్వర్ణాల చెరువుకు పోయేది. సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, ఎవరికి కావలసింది వాళ్లు పట్టుకుంటారు కదా. ఆమె ప్రతి ఏడూ ఆరోగ్య రొట్టే పట్టింది. మొదట అత్తమ్మ కోసం, తర్వాత పెద్దకొడుకు నడుంనొప్పి కోసం, ఒక ఏడు నా కోసం కూడా. నాకు గుండెకు స్టెంటు వేసిన ఏడాది అది. తన కోసం పట్టిందా అని ఆమె పిల్లల్ని అడిగాను. వాళ్లకు గుర్తు లేదు.

2019లో ఒక రోజు చెప్పి ముగిస్తాను. పెద్దకొడుకు భార్య అక్కను చెయ్యి పట్టుకుని నా గదిలోకి తెచ్చింది. అక్క నన్ను గుర్తుపట్టలేదు. గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ కూర్చుంది. ఆ కోడలు అక్క చీర సర్దింది, చెప్పులు తీసి పక్కన పెట్టింది, మందుల సంచి నా బల్ల మీద గుమ్మరించి, ఏది ఎప్పుడు వేసుకుంటుందో వరసగా చెప్పింది. ఆమె కళ్ల కింద నలుపు. మాట్లాడుతూ మాట్లాడుతూ కణత నొక్కుకుంది. బీపీ పట్టీ అక్క చేతి నుంచి విప్పి, ఆమె చెయ్యి చాపమన్నాను.

"నాకెందుకు సార్, చీటీ అత్తమ్మది గదా."

చూశాను. 170, పైన. కింద 104. కాంపౌండరును పిలిచి ఇంకో చీటీ తెమ్మన్నాను. పెన్ను తీసి పేరు అడిగాను. ఆమె అలవాటు కొద్దీ అక్క పేరు చెప్పింది.

"ఆమెది కాదమ్మా, నీ పేరు" అన్నాను.

అక్క క్యాలెండరు మీది నుంచి చూపు తిప్పి కోడలి వైపు చూసింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి తన పేరు చెప్పింది. రాసుకున్నాను.